మా ఆయన్ని చంపింది బజ్జీనా, అణు కరెంటా

మా ఆయన పోయినప్పుడు ఆయన చేతిలో సగం బజ్జీ ఉంది. ఆ సగం బజ్జీ లేకపోయి ఉంటే నాకు ఇంత కథ చెప్పే పనే ఉండేది కాదు. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద బోర్డు చదవడం వరకే చేతనవుతుంది. అందుకని నేను చెప్తాను, రాసేవాళ్ళు రాస్తారు. తప్పులుంటే వాళ్ళవి, తిట్లుంటే నావి.

నేను పుట్టింది హిందూపురంలో. పెళ్ళయి పెనుకొండకు వచ్చాను. బస్టాండు పక్కన తోపుడు బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్ముతాను. కొందరు మరమరాలు అంటారే, ఆ బొరుగులు నానబెట్టి తాలింపు పెడితే ఉగ్గాని. దాని పక్కన బజ్జీ లేకపోతే మా వైపు మనుషులు అలుగుతారు. మిరపకాయలు మాత్రం ఇప్పటికీ హిందూపురం పోయి నేనే ఏరి తెచ్చుకుంటాను. పుట్టింటి మీద మమకారం ఏమీ లేదు, అక్కడి కాయ బాగుంటుంది, అంతే.

మా ఆయన వెల్డింగు పని నేర్చినవాడు. తొంభైల మొదట్లో ఇక్కడ పనులు లేక ఒక మేస్త్రీ వెంట చాలా దూరం పోయాడు. అక్కడ అణుశక్తితో కరెంటు తయారు చేసే పెద్ద కర్మాగారం ఉంది. పర్మినెంటు ఉద్యోగం కాదు, కాంట్రాక్టు కూలి. మిషన్లు ఆపి రిపేర్లు చేసే రోజుల్లో లోపలికి పోయి పైపులు అతికించాలి. ఆ లోపల కంటికి కనపడనిది, వాసన రానిది, ఒంటికి తగిలినా తెలియనిది ఒకటి ఉంటుందని, దాన్ని రేడియేషన్ అంటారని మొదటిసారి సెలవులో వచ్చినప్పుడు చెప్పాడు. కనపడకపోతే ఉందని ఎట్లా తెలుస్తుంది అని అడిగాను. గేటు దగ్గర ఒక మిషన్ పెట్టారట. పని ముగించి వచ్చేటప్పుడు దాంట్లో చేతులు, కాళ్ళు పెట్టి నిలబడాలట. ఒంటికి ఏమైనా అంటుకొని ఉంటే గంట కొడుతుంది. కొడితే వెనక్కి పోయి సబ్బు పెట్టి రుద్దుకొని మళ్ళీ రావాలి. గంట నోరు మూసేదాకా బయటికి పంపరు.

ఇది వినగానే నాకు సంగతి మొత్తం అర్థమైపోయింది. ఇది మైల. మా ఇళ్ళల్లో చావుకు పోయి వస్తే బయట నీళ్ళు పోసుకొని గానీ గడప తొక్కం. అంత పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా చివరికి మా పద్ధతే పెట్టుకున్నారని నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

అప్పటినుంచి ఆయన సెలవులో వస్తున్నాడని తెలిస్తే పెరట్లో పెద్ద బిందెతో నీళ్ళు కాచి, పసుపు, వేపాకు వేసి సిద్ధంగా పెట్టేదాన్ని. రైలు దిగి వచ్చిన మనిషిని ముందు వాకిట్లోకి రానిచ్చేదాన్ని కాదు. సందులోంచి తిప్పి పెరట్లోకి తీసుకుపోయి, బట్టలు విప్పించి వేడినీళ్ళలో పడేసి, కుంకుడుకాయ పులుసుతో నెత్తి నుంచి కాలి గోరు దాకా రుద్దేదాన్ని. కుంకుడుకాయ కళ్ళల్లో పడి ఆయన గోల పెట్టేవాడు.

"ఆడ కడిగే కదే నన్ను పంపించేది. మళ్ళా ఈ రుద్దుడేందే?"

"వాళ్ళ కడుగుడు వాళ్ళది, నా కడుగుడు నాది. ఈపు తిప్పు."

పెరట్లో పొయ్యి వెలిగి, మగమనిషి తల మీద నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపిస్తే పక్కింటివాళ్ళు ఊరుకుంటారా. చెంగు మూతికి అడ్డం పెట్టుకొని, మీ వాళ్ళల్లో ఎవరు పోయారమ్మా అని పలకరించడానికి వచ్చేవాళ్ళు. ఎవరూ పోలేదు, మా ఆయన వచ్చాడు అని చెప్తే వాళ్ళకు ఏ మొహం పెట్టాలో తెలిసేది కాదు.

ఇక మా వదిన. మా ఆయనకు తోడబుట్టింది ఆ ఒక్క అక్కే. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకొని సాకింది. ఆమెను ధర్మవరంలో మగ్గాల ఇంట్లో ఇచ్చారు. పగలంతా పట్టు దారం చుట్టే చెయ్యి కాబట్టి ఆమె పట్టుకుంటే వదలదు, మాటైనా మనిషైనా. తమ్ముడు సెలవులో వచ్చాడని తెలిస్తే మరునాటి ప్యాసింజరుకే పెనుకొండలో దిగేది. తమ్ముడికి ఒక బీడీల కట్ట తెచ్చేది. నాకు తెచ్చేవి బుద్ధులు. పిండి పలుచన అయిందనేది, నూనె పొగ వస్తోందనేది, వాడు చిక్కిపోయినాడు ఏం పెడతాండావు అనేది. ఏడాదిలో పదకొండు నెలలు ఆయన తినేది కర్మాగారం క్యాంటీనులో. చిక్కిన పాపం మాత్రం నాది.

ఒకసారి మా ఆయన సెలవులో వస్తూ చొక్కాకు పెట్టుకునే బిళ్ళను తీయడం మరిచిపోయి అట్లే వచ్చేశాడు. లోపలికి పోయే ప్రతివాడూ ఛాతీ మీద ఆ బిళ్ళ పెట్టుకోవాలి. దాని లోపల ఫోటో ఫిల్ము లాంటి ముక్క ఒకటి ఉంటుంది. నెలకొకసారి దాన్ని తీసుకొని, ఈ మనిషికి ఎంత రేడియేషన్ తగిలింది అని చూస్తారు. ఇదంతా నాకు ఆయన తీరిగ్గా తర్వాత చెప్పాడు. వదినకు చెప్పింది మాత్రం ఒకటే ముక్క: "ఇది లేకుండా నన్ను లోపలికి అడుగు పెట్టనీరక్కా."

వదినకు అది చాలింది. అది లేకుండా పంపరంటే అదే కాపాడుతోందని అర్థం. అంటే రక్ష. తాయెత్తు. పెద్దపెద్ద ఆఫీసర్లు మంత్రించి ఇచ్చిన తాయెత్తు. తమ్ముడు ఇంట్లో ఉన్నన్ని రోజులూ వాడికి దాంతో పని లేదు గదా అని, ఎవరికి అవసరమో ఆలోచించి, తీసుకుపోయి నా బండి మీద, సరిగ్గా నూనె బాండలికి పైన, నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ పక్కన వేలాడగట్టింది. బజ్జీలకు దిష్టి తగలకూడదని. ఇంతకాలానికి వదిన నా వ్యాపారం బాగు కోరింది కదా అని నేను కూడా మురిసిపోయి ఊరుకున్నాను. సెలవు అయ్యేదాకా అది నూనె పొగలో, పొయ్యి సెగలో ఊగుతూ ఉంది. పోయేరోజు ఆయన దాన్ని తీసి, శనగపిండి తుడిచి, మళ్ళీ చొక్కాకు పెట్టుకొని రైలెక్కాడు.

అక్కడ ఆ నెల బిళ్ళ చూసినవాళ్ళు బెదిరిపోయారట. లోపల ఫిల్ము మసకబారిపోయి ఉంది. ఈయన్ని పిలిచి, ఈ నెలలో ఎక్కడెక్కడ పనిచేశావు అని అడిగారు. సెలవులో ఉన్నాను సార్, ఇంట్లో ఉన్నాను అన్నాడు. ఇంట్లో ఏముంది మరి అన్నారు. మా ఆయన నిజమే చెప్పాడు, మా అక్క దీన్ని మా ఆవిడ బజ్జీల బాండలి మీద కట్టింది అని. ఆ ఆఫీసరు బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడట. తర్వాత, ఎందుకైనా మంచిదని, లోపలికి పంపకుండా కొన్నాళ్ళు తోటలో గులాబీ చెట్లకు నీళ్ళు పోసే పనిలో పెట్టారు. మా ఆయన ఆ గులాబీ చెట్ల మధ్య గడిపిన రోజులనే జీవితమంతా తలుచుకునేవాడు. మా అక్క పుణ్యమా అని కొన్నాళ్ళు దొరబాబు లాగా బతికినా అనేవాడు.

కొన్నేళ్ళకు ఆ కాంట్రాక్టు ముగిసింది. ఇంటికి వచ్చేసి పెనుకొండలోనే గేట్లు, కిటికీలు అతికించే పని పెట్టుకున్నాడు. మనిషి బాగానే ఉన్నాడు. దగ్గేవాడు, బీడీ తాగేవాడు, మళ్ళీ దగ్గేవాడు. పొద్దున్నే బండి దగ్గరికి వచ్చి, మొదటి వాయి బజ్జీ నూనెలోంచి తీస్తుండగానే చెయ్యి చాపేవాడు. ఒకరోజు అట్లాగే చెయ్యి చాపి, ఒకటి తీసుకొని, సగం కొరికి, ఛాతీ పట్టుకొని బెంచీ మీద కూర్చున్నాడు. బస్సులవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలోనే అయిపోయింది. గుండె ఆగిందన్నారు. అప్పటికి రెండువేల సంవత్సరం వచ్చి కొన్నేళ్ళు అయింది. కబురు అంది ధర్మవరం నుంచి వచ్చి, ఆయన పిడికిలి విప్పి ఆ సగం బజ్జీ తీసింది మా వదినే.

పెద్దదినం నాడు బంధువులందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఎవరో పెద్దాయన, ఆ కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసినాడు కదా, ఆ మాయదారి రేడియేషన్ ఊరికే పోతుందా అన్నాడు. నేనూ అవునన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను. వదిన లేచి నిలబడింది.

"కరెంటూ లేదు, గిరెంటూ లేదు. అది ఆడనుంచి వచ్చినప్పుడే సంపల్ల కదా, ఇన్నేండ్లు ఏం చేస్తాన్నింది? నా తమ్ముని చేతిలో ఏమున్నింది? బజ్జీ ఉన్నింది. వాడు బజ్జీలు తినల్యా, ఈమె బజ్జీలే వాన్ని తినేసినాయి."

ఆ రోజు విస్తట్లో కూడా బజ్జీ వేసి ఉంది. చాలామంది దాన్ని పక్కకు జరిపారు. నేను చూశాను.

ఆ తర్వాత వదిన నా చేతి మెతుకు ముట్టలేదు. అట్లని రావడం మానిందా అంటే మానలేదు. తమ్ముడి ఇల్లు చూడాలని నెలనెలా ప్యాసింజరులో దిగేది. ధర్మవరం నుంచి డబ్బాలో సంగటి, పప్పు తెచ్చుకొని, నా బండి ముందున్న బెంచీ మీదే, తమ్ముడు కూర్చున్న చోటే కూర్చొని, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా తినేది. తినకపోవడానికి అంత దూరం నుంచి టికెట్టు తీసుకొని వచ్చే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఎవరైనా అడిగితే కారణం చెప్పేది. అడగకపోయినా చెప్పేది.

బస్టాండులో మాట ఆగుతుందా. కండక్టర్లు మొదలుపెట్టారు. "అక్కా, మనిషిని సంపే బజ్జీలు నాలుగు కట్టియ్యి. నాకు గాదు, మా మేనేజరుకు." నేనూ నవ్వేదాన్ని, కట్టి ఇచ్చేదాన్ని. బేరం మరీ పడిపోలేదు. కానీ పిండి కలిపేటప్పుడు చెయ్యి ఆగేది. ఆయన రోజూ అడిగేవాడు, నేను రోజూ ఇచ్చేదాన్ని. ఒకవేళ ఆమె చెప్పేదే నిజమైతే? కర్మాగారం చంపింది అని తేలితే నాకు ఏడుపు ఒకటే మిగులుతుంది. బజ్జీ చంపింది అని తేలితే, బతికినన్నాళ్ళూ పొద్దున లేచి ఆ బజ్జీలే వెయ్యాలి. నాకు వేరే పని రాదు.

ఆయన పోయి ఏడాది దాటాక, కదిరి వైపు నుంచి ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయన ఫోను చేశాడు. ఆ కర్మాగారంలో పనిచేసి వచ్చినవాళ్ళ గురించి తెలుసుకోవడానికి ఒక డాక్టరమ్మ ఊరూరా తిరుగుతోందట. ఎవరు బతికి ఉన్నారు, ఎవరు పోయారు, ఏం జబ్బుతో పోయారు అని అడుగుతుందట. మీ ఇంటికీ వస్తుంది అన్నాడు. నాకు దేవుడే దిగి వస్తున్నట్టు అనిపించింది. ధర్మవరంలో వదిన పక్కింటికి ఫోను చేసి, తీర్పు చెప్పేవాళ్ళు వస్తాండారు, నువ్వూ వచ్చి విను అని కబురు పెట్టాను. వస్తా, వినాల్సింది నేను గాదు, నువ్వు అని తిరుగు కబురు పంపింది.

డాక్టరమ్మ వచ్చిన రోజు నేను బండి పెట్టలేదు. మంచి చీర కట్టుకున్నాను. వదిన అంతకంటే మంచిది కట్టుకొని వచ్చింది, పైగా సొంత మగ్గం మీద నేసింది. ఇరుగుపొరుగు వాళ్ళు గోడ మీద మోచేతులు ఆనించుకొని నిలబడ్డారు. డాక్టరమ్మ చిన్న వయసుది, మెత్తని మనిషి. ఇంతమంది ఎందుకున్నారో ఆమెకు అర్థం కాలేదు పాపం.

ఎన్నేళ్ళు పనిచేశాడు, ఏ పని చేశాడు అని అడిగింది. చెప్పాను. లోపలికి ఎక్కువగా పోయేవారా అంది. పోయేవాడు అని గట్టిగా, గోడ అవతల వాళ్ళకు కూడా వినపడేటట్టు చెప్పాను. వదిన మొహం చిన్నబోయింది. తర్వాత, "మీ ఆయన బీడీ, సిగరెట్టు కాల్చేవారా అమ్మా?" అని అడిగింది.

"బాగా కాల్చేవాడు. ఎవరు తెచ్చిచ్చేదో కూడా సెప్పమంటారా?"

వదిన నన్ను చూడకుండా డాక్టరమ్మతోనే మాట్లాడింది. "సిన్నపిల్లోడప్పుడు పంటినొప్పని ఏడుస్తాంటే ఒగటి ఇస్తినమ్మా. తల్లి లేని పిల్లోడు."

"ఆ పన్ను ఎప్పుడో ఊడిపాయ," అన్నాను. "బీడీలు మాత్రం ఆగల్యా."

గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. కానీ నా సంబరం ఎంతోసేపు నిలవలేదు. నూనె పదార్థాలు ఎక్కువ తినేవారా అని డాక్టరమ్మ అడిగింది. వదిన అరచెయ్యి నా వైపు తిప్పి, అన్నం వడ్డించినంత మర్యాదగా, సెప్పు అంది. చెప్పక తప్పలేదు.

ఛాతీ మీద బిళ్ళ ఎప్పుడూ పెట్టుకునేవారా అని అడిగితే బాండలి సంగతి మొత్తం చెప్పాను. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగిపోయేటట్టు నవ్వింది. బాగా వేడి తగిలితే ఆ ఫిల్ము అట్లాగే పాడవుతుందని చెప్పింది. వదిన మాత్రం నవ్వలేదు. దిష్టికే కట్టినా, నాకేం తెలుసు అని గొణిగింది. ఆ నవ్వు మీదే నేను ఇంకో మాట కూడా చెప్పేశాను. ఒక మనిషికి ఇంతకంటే రేడియేషన్ తగలకూడదని ఒక లెక్క ఉంటుంది, బిళ్ళలో ఆ లెక్క నిండిపోతే ఆ మనిషిని ఇక లోపలికి రానివ్వరు. కాంట్రాక్టువాడికి లోపల పని లేకపోతే బయటా పని లేదు, ఇంటికి పోవాల్సిందే. అందుకని కొందరు బిళ్ళను బయట మేకుకు తగిలించి లోపలికి పోయేవాళ్ళట. ఈయన కూడా అట్లా చేశాడా అని ఎన్నోసార్లు అడిగాను. నవ్వేవాడు. అవునని అనలేదు, కాదని అనలేదు.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ బిళ్ళ బజ్జీల మీద వేలాడినప్పుడు ఆయన దాని దగ్గర లేడు. ఆయన లోపల ఉన్నప్పుడు అది ఆయన దగ్గర ఉందో లేదో తెలియదు. ఆ మాట నోటితో చెప్పేదాకా నాకే అంత భయం వెయ్యలేదు.

అప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, ఇంకేమీ వద్దు. మా ఆయన్ని ఏది సంపింది, ఆ ఒక్క మాట సెప్పి పోండి. నేను రేపు బండి పెట్టాల."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరమ్మా. ఆ పని చేసినవాళ్ళను వేలమందిని కలిపి, ఏళ్ళ తరబడి చూస్తే, ఏవైనా జబ్బులు మిగతావాళ్ళకంటే ఎక్కువగా వస్తున్నాయా అని కొంత తెలుస్తుంది. అందులో మీ ఆయనది ఏది అంటే, నాకే కాదు, ఎవరికీ తెలియదు. గుండె ఆగడానికి చాలా కారణాలుంటాయి."

చదువుకున్నవాళ్ళు ఊరికే తప్పించుకోవడానికి ఇట్లా అంటారేమో అని ముందు అనుకున్నాను. తర్వాత హిందూపురం మిరపకాయల బస్తా గుర్తొచ్చింది. నాలుగు కొరికి చూసి, ఈ బస్తా కారం ఎక్కువ అని చెప్పేస్తాను. అట్లని ఒక గిరాకి, నా కళ్ళల్లో నీళ్ళు తెప్పించిన కాయ ఏ తోటలో ఏ చెట్టుది అని అడిగితే నేనేం చెప్పాలి. ఆమె దగ్గర బస్తా సంగతి ఉంది. నాకు కావలసింది ఒక్క కాయ.

"అట్లయితే ఈమె బజ్జీలే అని కూడా సెప్పలేరా?" వదిన అడిగింది. గొంతులో పొగరు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"చెప్పలేనమ్మా. బీడీలని కూడా చెప్పలేను."

ఆ చివరి మాట వదిన కోసమే అన్నదని నాకు తెలుసు. వదిన కొంగు తీసుకొని మొహమంతా తుడుచుకుంది, అక్కడ చెమట లేకపోయినా. అన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే పిండి కలుపుతూ భయపడుతున్నాననుకున్నాను. ధర్మవరంలో ఆమె కూడా దారం చుట్టుకుంటూ అదే లెక్క వేసుకుంటోందని ఆ తుడుచుకోవడం చూస్తే తెలిసింది.

డాక్టరమ్మను ఉత్త కడుపుతో పంపలేక పొయ్యి వెలిగించి బజ్జీ వేశాను. రెండు తిని, కారానికి ముక్కు ఎర్రబడి, ఇంకొకటి అడిగింది. వదిన ఆమె నోటి వైపే చూస్తూ కూర్చుంది, ఇప్పుడేమైనా అవుతుందా అన్నట్టు. ఏమీ కాలేదు. జీపు ఎక్కి వెళ్ళిపోయింది.

వదిన రైలుకు ఇంకా టైముంది. పళ్ళెంలో ఒక బజ్జీ మిగిలింది. ఆమె తన డబ్బా తెరిచి, సంగటి వైపు చూసి, మూత పెట్టేసింది.

"సగం ఇటియ్యే," అంది.

తుంచి ఇచ్చాను. నమిలింది. చాలాసేపు నమిలింది. ఉప్పు సాలల్యా అంది. తర్వాత మిగతా సగం కూడా చెయ్యి చాపి తీసుకుంది. తమ్ముడు చాపినట్టే, అడక్కుండా.

మరుసటి నెల వచ్చినప్పుడు డబ్బా తేలేదు. బెంచీ మీద కూర్చొని ఉగ్గాని తింటూ ఉంది. హిందూపురం బస్సు కండక్టరు దిగి, అక్కా, మనిషిని సంపే బజ్జీలు రెండియ్యి అన్నాడు, ఎప్పటిలాగే. నేను కాగితం చేతిలోకి తీసుకునేలోపే వదిన లేచింది.

"ఏమబ్బా, దేంతో సచ్చినాడో డాక్టర్లకే తెలీదంట, నీకు తెలుసునా? నోరు మూసుకొని తిని పో."

నోరు మూసుకుంటే ఎట్లా తింటానవ్వా అన్నాడు అతను. వదిన అతని చేతిలో మూడో బజ్జీ కూడా పెట్టింది. దుడ్లు మాత్రం మూడింటికీ వసూలు చేసింది.